దేవదూతల దీవిలో పరదేశులు

మా అబ్బాయి కుటుంబం కాలిఫోర్నియాలో ఉంటుంది. మనవరాలిని మందిరంలో ప్రతిష్ఠ చేస్తున్నాం, మీరిద్దరూ వచ్చి దీవించాలని కబురు పెడితే ఆ మధ్య ఒక అక్టోబరులో మేమిద్దరం బయలుదేరి వెళ్ళాం. వెళ్ళిన రెండో వారంలో మావాడు, ‘నాన్నా, శనివారం మిమ్మల్ని ఒక దీవికి తీసుకెళ్తాను. అక్కడికి కార్లు రానివ్వరు. నడుచుకుంటూ తిరగడమే. మీకు నచ్చుతుంది’ అన్నాడు. దీవి పేరేమిటని అడిగితే ‘ఏంజెల్ ఐలాండ్’ అన్నాడు. దేవదూతల దీవి! ఆ మాట చెవిన పడగానే మా ఇంటావిడ బైబిలు తీసి సంచిలో పెట్టుకుంది. పులిహోర డబ్బా సర్దింది ఆ తర్వాతే.

పేరు అంత ఇంపుగా ఉంది మరి. 1775 ఆగస్టులో స్పెయిన్ నౌకాధికారి హువాన్ మాన్యుయెల్ దె అయాలా ‘శాన్ కార్లోస్’ అనే ఓడలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోకి వచ్చి ఈ దీవి దగ్గర లంగరు వేశాడు. దేవదూతల పేరు పెట్టింది ఆయనే. ఆయన పేరు పెట్టేనాటికి దీవికి మనుషులు లేరనుకోకూడదు. కోస్ట్ మివోక్ అనే ఆదివాసులు అంతకు ఎన్నో తరాల ముందునుంచే చేపలు పట్టుకోవడానికీ, జింకలను వేటాడడానికీ పడవల మీద ఇక్కడికి వచ్చిపోతుండేవారు. పేర్లు పెట్టేవాళ్ళు ఎప్పుడూ తర్వాతే వస్తారు.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచీ, దానికి ఉత్తరాన ఉన్న టిబురాన్ అనే చిన్న ఊరి నుంచీ దీవికి పడవలున్నాయి. మేం టిబురాన్‌లో ఎక్కాం. మధ్యలో ఉన్న సన్నని పాయను రకూన్ జలసంధి అంటారు. గోదావరి మీద లాంచీలో అవతలి ఒడ్డుకు చేరినంత సేపు కూడా పట్టలేదు. గాలి మాత్రం చెవులు కోసేస్తోంది. కోడలు తన ఉన్ని శాలువా తీసి అత్తగారి తలకు చుట్టింది.

దిగిన చోటును అయాలా కోవ్ అంటారు. పచ్చిక, చెట్ల నీడన బల్లలు, పరుగులు తీసే పిల్లలు. పెద్దవాళ్ళు ఇనుప పొయ్యిల మీద మాంసం కాల్చుకుంటున్నారు. ఎక్కడ చూసినా పండగ వాతావరణమే. కానీ ఇదే చోట 1891లో క్వారంటైన్ కేంద్రం తెరిచారు. దూరదేశాల నుంచి వచ్చిన ఓడలను ఇక్కడ ఆపి, పొగపెట్టి శుద్ధి చేసేవారు. జబ్బు ఉందన్న అనుమానం వస్తే ప్రయాణికులను ఒడ్డుకు దించి విడిగా ఉంచేవారు. కరోనా రోజులు చూసినవాళ్ళం కదా, ఆ మాటకు అర్థం మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దీవి మొత్తం 740 ఎకరాలు. మధ్యలో 788 అడుగుల కొండ. ఈ దీవిని కట్టడాల పాలు కాకుండా కాపాడాలని పాటుపడిన కరొలిన్ లివర్‌మోర్ పేరు ఆ కొండకు పెట్టారు. చుట్టూ దాదాపు ఎనిమిది కిలోమీటర్ల బాట. ఓపిక ఉన్నవాళ్ళు కొండెక్కడానికి నార్త్ రిడ్జ్, సన్‌సెట్ అని రెండు కాలిబాటలున్నాయి. మాకున్న మోకాళ్ళకు చుట్టూ తిరిగే బాటే ఎక్కువ. రేవు దగ్గర్నుంచి పైబాటకు ఎక్కేలోపు రెండుసార్లు కూర్చున్నాం. మావాడు పాపను ఛాతీకి కట్టుకొని ముందు నడిచాడు. ఆ పిల్ల మాత్రం దారి పొడవునా నిద్రపోయింది.

బాట పొడవునా ఓక్ చెట్లు, ఎర్రని నున్నని బెరడున్న మద్రోన్ చెట్లు. ఆకు నలిపితే బిర్యానీ ఆకులాంటి ఘాటు వాసన వచ్చే చెట్టు కూడా ఒకటుంది, బే లారెల్ అంటారు. మా ఇంటావిడ ఆ ఆకులు రెండు కోయబోతే కోడలు ఆపింది, పార్కులో ఆకు కూడా తుంచకూడదని. ఒకప్పుడు ఇక్కడ నీలగిరి చెట్లు దట్టంగా ఉండేవట. ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటినవని, స్థానిక మొక్కలను బతకనివ్వడం లేదని 1990లలో చాలావరకు కొట్టేశారు. చెట్లకు కూడా పరాయితనం తప్పలేదన్నమాట అని నవ్వుకున్నాం. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

నిజానికి అమెరికాలో అడుగుపెట్టిన రోజునే మాకు ఆ రుచి కొద్దిగా తగిలింది. విమానాశ్రయంలో అధికారి ఎన్నాళ్ళుంటారని అడిగాడు. మేం ‘ఆరు నెలలు’ అన్నాం. పక్క కిటికీ దగ్గర మా ఇంటావిడను ఇంకొకరు అదే ప్రశ్న అడిగితే, వీసా సంగతి ఆమెకేం తెలుసు, ‘క్రిస్మస్‌కు ఇంట్లో ఉండాలండీ’ అంది. లెక్క కుదరలేదు. పక్క గదిలో కూర్చోమన్నారు. గంటన్నర. కొట్టలేదు, తిట్టలేదు, మంచినీళ్ళు కూడా ఇచ్చారు. అయినా ఆ గంటన్నర మేం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. పొలం కౌలుకిచ్చి, అబ్బాయిని చదివించి, పన్ను బాకీ లేకుండా బతికినవాళ్ళం. అక్కడ మా పేరు పలకడం కూడా ఎవరికీ చేతకాలేదు.

చెక్కగోడల మీద గాట్లు

అయాలా కోవ్ నుంచి ఎడమవైపు సుమారు రెండు కిలోమీటర్లు నడిస్తే బాట కిందికి ఒక పల్లంలోకి దిగుతుంది. ముందు నీలం రంగు నీళ్ళు, వెనక పచ్చని కొండ, ఆ వాలులో రెండంతస్తుల పొడవాటి చెక్క భవనం. దూరం నుంచి చూస్తే మిషన్ వాళ్ళ పాతకాలపు బోర్డింగ్ హాస్టల్‌లా ఉంది. దగ్గరికి వెళ్తే ముళ్ళకంచె కనిపించింది.

1910 జనవరి నుంచి 1940 దాకా పసిఫిక్ సముద్రం మీదుగా అమెరికా వచ్చినవారిని ఆపి విచారించిన కేంద్రం ఇది. రావడానికీ పోవడానికీ కలిపి ఎనభై దేశాలకు చెందిన ఐదు లక్షల మందికి పైగా ఇక్కడి అధికారుల చేతుల మీదుగా వెళ్ళారని చరిత్రకారులు లెక్కగట్టారు. న్యూయార్క్ దగ్గరి ఎలిస్ ఐలాండ్ పేరు అందరికీ తెలుసు. అటునుంచి వచ్చిన ఐరోపావాళ్ళలో ఎక్కువమంది కొన్ని గంటల్లోనే బయటపడేవారు. ఇక్కడ దిగినవారిలో ఎక్కువమంది ఆసియావాళ్ళు. చైనా కూలీలను రానివ్వకూడదని 1882లోనే చట్టం చేశారు. 1943 వరకు అది రద్దు కాలేదు. వ్యాపారులకు, విద్యార్థులకు, అప్పటికే అమెరికా పౌరులైనవారి పిల్లలకు మాత్రమే దారి. ఆ పిల్లలు నిజంగా పిల్లలేనా అని తేల్చడానికే ఈ విచారణలు.

1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం వచ్చి, మంటలు లేచి ఊరి రికార్డులన్నీ కాలిపోయాయి. జనన పత్రాలు లేకపోవడంతో మేం ఇక్కడే పుట్టామని చాలామంది చైనీయులు చెప్పుకోగలిగారు. కొందరు చైనాలో తమకు ఫలానా కొడుకులున్నారని రాయించి, ఆ పేర్లను రాదలచినవారికి అమ్మారు. అలా వచ్చినవారిని కాగితపు కొడుకులు అనేవారు. అది పట్టుకోవడానికి అధికారులు అడిగిన ప్రశ్నలు వింటే ఆశ్చర్యం వేస్తుంది. మీ వీధిలో ఎన్ని ఇళ్ళు? మీ ఇంటికి ఎన్ని మెట్లు? బియ్యం ఎక్కడ పోసుకుంటారు? అవే ప్రశ్నలు తండ్రినీ అడిగేవారు. ఒక్క జవాబు తేడా వచ్చినా అనుమానమే. నిజమైన కొడుకులు కూడా తప్పారు. కొందరు వారాలు, కొందరు నెలలు, ఒకరిద్దరు దాదాపు రెండేళ్ళు ఈ గదుల్లోనే గడిపారు.

మా ఇంటికి ఎన్ని మెట్లని మేం మా ఇంటావిడను అడిగాం. ఆమె ఐదు అంది. మేం నాలుగనుకుంటున్నాం. ముప్ఫై ఏళ్ళు కాపురమున్న ఇల్లు!

లోపల గొట్టాలకు బిగించిన మూడేసి వరసల మంచాలు. పై మంచం మీద పడుకుంటే కప్పు తగిలేట్టుంది. భార్యాభర్తలను విడదీసి వేర్వేరు చోట్ల ఉంచేవారు. పన్నెండేళ్ళలోపు పిల్లలు తల్లుల దగ్గర. తెల్లవాళ్ళకు వేరే గదులు, వేరే భోజనం. కిటికీలోంచి చూస్తే అఖాతం, అవతల కొండలు, తెరచాపలు. అంత అందాన్ని అంత దగ్గర్లో పెట్టి తలుపు వేసేశారు.

ఈ గోడలే ఇప్పుడు ఈ దీవికి పేరు తెచ్చాయి. ఇక్కడ బందీలుగా ఉన్న చైనీయులు చెక్కగోడల మీద తమ భాషలో పద్యాలు చెక్కారు. ఇంటి మీద బెంగ, చేసిన అప్పు, అవమానం, కోపం, వాళ్ళ పద్యాల్లో ఉన్నది ఇదే. గోడలు పాడుచేస్తున్నారని అధికారులు గాట్లలో లప్పం పూయించి, పైన రంగు వేయించారు. రంగు ఆరింది, మళ్ళీ ఎవరో చెక్కారు. మళ్ళీ లప్పం, మళ్ళీ రంగు. ఆ పూతలే చివరకు లోపలి అక్షరాలను కాపాడాయి. 1940 ఆగస్టులో కార్యాలయ భవనం కాలిపోయింది. ఆ ఏడాదే కేంద్రాన్ని ఒడ్డుకు తరలించారు. ఈ భవనాన్ని పడగొట్టాలని తీర్మానించిన రోజుల్లో, 1970లో అలెగ్జాండర్ వైస్ అనే పార్కు ఉద్యోగి టార్చిలైటు వేసి చూస్తే గోడల నిండా రాత కనిపించింది. పైఅధికారులు పట్టించుకోలేదు. ఆయన విశ్వవిద్యాలయంలోని పరిచయస్తులకు చెప్పాడు. చైనా సంతతి వారు ఉద్యమించారు. 1976లో రాష్ట్ర శాసనసభ మరమ్మతులకు రెండున్నర లక్షల డాలర్లు మంజూరు చేసింది. ఇంతవరకు రెండు వందలకు పైగా పద్యాలు బయటపడ్డాయి. జపనీస్, కొరియన్, రష్యన్ రాతలతోపాటు పంజాబీ రాతలు కూడా ఉన్నాయి.

మనవాళ్ళు

పంజాబీ అనగానే మేం ఆగిపోయాం. ఈ కేంద్రం గుండా వెళ్ళినవారిలో సుమారు ఎనిమిది వేల మంది మన ఉపఖండం వారట. ఎక్కువమంది సిక్కు రైతులు. ఇక్కడినుంచి వెనక్కి తిప్పి పంపినవారిలో అన్ని జాతులకన్నా మనవారి నిష్పత్తే ఎక్కువ. కొందరికి మల పరీక్ష చేసి కడుపులో కొంకిపురుగు ఉందన్నారు. మరికొందరిని, రేపు పనిలేక ప్రభుత్వానికి భారమవుతారని పంపేశారు. 1917లో వచ్చిన చట్టం ఆ కాస్త సందు కూడా మూసేసింది. అదే కాలంలో మన దరిశి చెంచయ్యగారు కాలిఫోర్నియాలో చదువుకొని, గదర్ పార్టీలో చేరారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920లలో తూర్పు తీరంలోని బోస్టన్ చేరి, ప్రపంచమంతా వాడే మందులు కనిపెట్టారు. వారు అక్కడ ఉన్న కాలంలో చాలావరకు భారతీయుడికి పౌరసత్వం అడిగే అర్హతే లేదు. 1946లో గానీ అది రాలేదు. అప్పుడైనా ఏడాదికి వంద మందికే ప్రవేశం.

మావాడు ఆ బోర్డు రెండుసార్లు చదివాడు. గ్రీన్‌కార్డు వరుసలో అతను నిలబడి పదకొండేళ్ళు. అతనేమీ మాట్లాడలేదు. మేమూ అడగలేదు.

ఇక్కడ కాలా బగాయీ అనే ఆమె గురించి చెప్పాలి. 1915లో పెషావర్ నుంచి భర్త వైష్ణో దాస్ బగాయీతో, ముగ్గురు చిన్న కొడుకులతో ఈ దీవి మీద దిగింది. వాళ్ళు పేదవాళ్ళు కారు. పాతిక వేల డాలర్ల విలువైన బంగారం వెంట తెచ్చుకున్నారు. అయినా కొన్ని రోజులు ఆపారు. బయటపడి, బర్క్‌లీలో ఇల్లు కొనుక్కొని సామాను బండితో వెళ్తే, ఇరుగుపొరుగువాళ్ళు ఆ ఇంటికి తాళం వేసి లోపలికి రానివ్వలేదు. సొంత డబ్బుతో కొనుక్కున్న ఇంటికి! ఆ ఊళ్ళో ఉండలేమని వాళ్ళు వెనక్కి తిరిగారు. వైష్ణో దాస్ శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం పెట్టి, 1921లో పౌరసత్వం సంపాదించారు. 1923లో భగత్ సింగ్ థింద్ అనే సిక్కు సైనికుడి కేసులో భారతీయులు తెల్లవారు కారు గనుక పౌరులు కాలేరని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బగాయీ పౌరసత్వం రద్దయింది. ఆస్తి అమ్ముకోవలసి వచ్చింది. భారతదేశానికి వెళ్ళి బంధువులను చూసొద్దామంటే అమెరికా పాస్‌పోర్టు ఇవ్వలేదు. 1928లో ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు. కాలా బగాయీ ముగ్గురు పిల్లలనూ చదివించింది. తర్వాతి కాలంలో లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడి, కొత్తగా వచ్చిన భారతీయ కుటుంబాలకు పెద్దదిక్కయింది. 1983లో కన్నుమూసింది. తాళం వేసి పంపించిన అదే బర్క్‌లీ, 2020లో ఒక వీధికి ఆమె పేరు పెట్టాలని నిర్ణయించింది.

‘ఎంతకాలం పట్టింది, చూశారా మామయ్యా’ అంది కోడలు. లెక్క వేస్తే నూటఐదేళ్ళు.

తాళం లేని చెయ్యి

పక్కనే పాత ఆసుపత్రి భవనం. 2022లో దాన్ని మ్యూజియంగా తెరిచారు. ఆ పరిసరాల్లో తిరుగుతుంటే మా ఇంటావిడ ఒక ఫోటో ముందు ఆగింది. నల్లదుస్తులు వేసుకున్న తెల్ల యువతి. కాథరిన్ మారర్. మెథడిస్టు సంఘంలో డీకనెస్, అంటే పరిచారకురాలు. మన మిషన్ ఆసుపత్రుల్లో, బైబిలు స్త్రీల శిక్షణాలయాల్లో పెద్దవాళ్ళు ఇలాంటి డీకనెస్‌లను చూసే ఉంటారు. 1912లో ఆమెను ఈ దీవికి పంపారు. కేంద్రం మూతపడేదాకా ఇక్కడే పరిచర్య చేసింది. తర్వాత కూడా ఒడ్డున వలస వచ్చినవారి మధ్య పనిచేసి 1951లో విశ్రాంతి తీసుకుంది.

ఆమె చేసినదంతా చిన్న చిన్న పనులే. సబ్బు, తువ్వాలు, పంటిపొడి తెచ్చిచ్చేది. చలికి బట్టలు తెచ్చేది. ఊరికే కూర్చొని కుమిలిపోతున్న ఆడవాళ్ళకు ఊలు, దారాలు, కుట్టుపని సామాను. పిల్లలకు బొమ్మలు. ఉత్తరాలు రాసిపెట్టేది. ఇంగ్లీషు నేర్పేది. క్రిస్మస్ వస్తే కార్యక్రమం ఏర్పాటు చేసి ప్రతి పిల్లవాడికీ ఒక కానుక. వచ్చినవాళ్ళలో క్రైస్తవులు ఎందరు? బౌద్ధులు, సిక్కులు, హిందువులు, యూదులు. అందరికీ అదే సబ్బు, అదే ఊలు. పత్రికలవాళ్ళు ఆమెను దేవదూతల దీవిలోని దేవదూత అని రాశారు. దీవికి ఆ పేరు ఉన్నందుకు ఒక్కరైనా కనిపించారని మాకు సంతోషమేసింది.

కోడలు మాత్రం ఒప్పుకోలేదు. ‘సబ్బులివ్వడం మంచిదే మామయ్యా. కానీ ఆ తలుపుకు తాళం వెయ్యడమే తప్పని ఆవిడ గట్టిగా చెప్పాలి కదా? అధికారుల అనుమతితో లోపలికెళ్ళి, సాయంత్రానికి పడవెక్కి ఇంటికెళ్ళిపోతే సరిపోతుందా?’ అంది. నిజమే. ఆ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. దయ చూపిన చోట న్యాయం అడగడం మరచిపోవడం మన సంఘాలకు కొత్త కాదు. మోషే ధర్మశాస్త్రం పరదేశికి రొట్టె పెట్టమని చెప్పి ఊరుకోలేదు, తీర్పు దగ్గర కూడా అతనికి అన్యాయం చేయొద్దంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పరదేశులుగా ఉన్న సంగతి ఆ పుస్తకాలు ఎన్నిసార్లు గుర్తుచేస్తాయో లెక్కపెట్టి చూడండి. శిశువుగా ఉన్న యేసును ఎత్తుకొని యోసేపు మరియలు రాత్రికి రాత్రి పొలిమేర దాటినప్పుడు ఏ అధికారీ వాళ్ళను మెట్లెన్ని అని అడగలేదు గనుక సరిపోయింది.

ఇదంతా కోడలికి చెప్పి ఉండవచ్చు. ముప్ఫై ఏళ్ళు సంఘంలో వాక్యం చెప్పిన నోరే కదా. కానీ మాట రాలేదు. ఆ డీకనెస్ చేతిలో తాళం చెవి లేదు. మా చేతిలో ఒకసారి ఉంది.

పదిహేనేళ్ళ కిందటి మాట. మా ఊరు కృష్ణ ఒడ్డున. తుపాను వాన. ఇటుక బట్టీ పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు, ఓ పాతికమంది, గుడిసెల్లోకి నీళ్ళొస్తే పిల్లలను చంకనెత్తుకొని మందిరం వరండాలోకి వచ్చారు. అప్పుడు సంఘ కార్యదర్శిగా ఉన్నది మేమే. తాళం చెవి మా ఇంట్లో మేకుకు వేలాడుతోంది. వాళ్ళలో తెలుగు కాస్త వచ్చిన ఒకతను రాత్రి తొమ్మిదింటికి మా తలుపు తట్టి, బాబూ, హాలు తలుపు తీస్తారా, వరండాలోకి జల్లు కొడుతోంది, పిల్లలున్నారు అన్నాడు. ఆ నెలలోనే సంఘంవాళ్ళు చందాలు వేసుకొని హాలుకు కొత్త తివాచీ, కొత్త మైకుసెట్టు కొన్నారు. ఎల్లుండి ఆదివారం. బురద కాళ్ళు. పాస్టరుగారు ఊళ్ళో లేరు. కమిటీని అడగాలి అన్నాం. అదొక మాట దొరికింది మాకు. అతను ఇంకోసారి అడగలేదు. దండం పెట్టి వెళ్ళాడు.

తెల్లవారి వెళ్ళి చూస్తే వరండాలో ఎవరూ లేరు. మూడు రాళ్ళు, తడిసి ఆరిపోయిన పొయ్యి, ఒక మూలన పసిపిల్ల చెప్పు. ఆ రాళ్ళు తీసి గోడ పక్కన పారేశాం. చెప్పు ఏం చేశామో గుర్తులేదు. ఆ ఆదివారం తివాచీ మీద మోకరించి ప్రార్థన చేశాం. కమిటీలో ఎవరూ ఆ సంగతి అడగలేదు, మేమూ చెప్పలేదు. మా ఇంటావిడకు తెలుసు. ఆ రాత్రి ఆమె లేచి కూర్చొని, తీసి వస్తే బాగుండేదేమో అంది. పడుకోమన్నాం.

మత్తయి సువార్త ఇరవైయయిదో అధ్యాయం మీద ఎన్ని ప్రసంగాలు చేశామో. పరదేశిని చేర్చుకున్నవారు ఒక వైపు, చేర్చుకోనివారు ఒక వైపు. ఆ వాక్యంలో మేం ఎప్పుడూ పట్టించుకోని సంగతి ఒకటుంది. రెండు వైపులవాళ్ళూ ఆశ్చర్యపోతారు. మేమెప్పుడు చూశాం ప్రభువా అని ఇద్దరూ ఒకే ప్రశ్న అడుగుతారు. చేసినవారికీ గుర్తులేదు, చేయనివారికీ గుర్తులేదు. మాకు గుర్తుంది. కమిటీ మాట కూడా గుర్తుంది.

అక్కడే ఒక బల్ల మీద కూర్చొని కోడలికీ, కొడుక్కీ ఈ కథ చెప్పాం. ఇన్నేళ్ళలో నోరు తెరిచి చెప్పడం అదే మొదలు. మావాడు అప్పుడు హైదరాబాద్‌లో చదువుకుంటున్నాడు, అతనికి తెలియదు. విని, ‘నాన్నా, మీరు విమానాశ్రయంలో గంటన్నర కూర్చున్నందుకు వచ్చినప్పటినుంచి బాధపడుతున్నారు’ అని మాత్రం అన్నాడు. ఎత్తిపొడుపులా లేదు ఆ మాట. పాప అప్పుడే లేచి ఏడుపు మొదలెట్టింది.

తిరుగుదారి

మిగతా దీవి తొందరగా చుట్టేశాం. తూర్పున ఫోర్ట్ మెక్‌డోవెల్ సైనిక స్థావరం, కప్పులు పోయి గోడలు మిగిలిన కాంక్రీటు భవనాలు. రెండో ప్రపంచ యుద్ధానికి లక్షల మంది సైనికులు ఇక్కడినుంచే పసిఫిక్ యుద్ధరంగానికి వెళ్ళారు. విచారణ కేంద్రం మూతపడ్డాక ఆ గదుల్లోనే యుద్ధఖైదీలను పెట్టారు. దక్షిణం వైపు 1954 నుంచి 1962 దాకా క్షిపణులు ఉంచిన చోటు. వాటి రాడార్ల కోసం కొండ నెత్తినే చదును చేశారు. 2002లో మళ్ళీ మట్టి పోసి కొండకు కొండ రూపం తెచ్చారు. పడమట క్యాంప్ రేనాల్డ్స్. అంతర్యుద్ధ కాలంలో, 1863లో కట్టిన స్థావరం. అధికారుల ఇళ్ళు ఒక వరుసలో నిలబడి సముద్రాన్ని చూస్తున్నాయి. ఇంత చిన్న దీవి, దేవదూతల పేరు పెట్టుకొని, రోగులను ఆపింది, వలసవచ్చినవారిని ఆపింది, ఖైదీలను ఆపింది, ఫిరంగులు మోసింది. 1950లలో మొదలుపెట్టి విడతలవారీగా పార్కు చేశారు గనుక ఇప్పుడు జింకలు తిరుగుతున్నాయి. బాట దక్షిణపు మలుపు తిరగగానే శాన్‌ఫ్రాన్సిస్కో నగరం మొత్తం ఎదురుగా వచ్చి నిలబడుతుంది. ఇటు గోల్డెన్ గేట్ వంతెన, మధ్యలో ఆల్కట్రాజ్ జైలు దీవి. మామూలుగా అయితే ఫోటోలకు అక్కడ గంట పట్టేది. రెండు తీసుకొని కదిలాం.

ఈ దీవికి వెళ్ళేవారికి ఒక మాట. దీవిలో రాత్రి బస చేసేందుకు ముందుగా అనుమతి తీసుకొన్నవాళ్ళు తప్ప మిగతావారంతా ఆఖరి పడవకు రేవులో ఉండాలి. పడవ వేళలు కాలాన్నిబట్టి మారతాయి, బయలుదేరే ముందే చూసుకోవాలి. చలి బట్టలు మరవకండి. బాటంతా నడవలేనివారు ఒక్క ఉత్తరపు భాగం చూసి వచ్చినా చాలు. కొండ ఎక్కడం కన్నా ఆ చెక్కగోడల ముందు పావుగంట నిలబడడం మేలని మా అభిప్రాయం.

పడవలో మా ఇంటావిడ సంచిలోంచి బైబిలు తీసింది. చదువుతుందనుకున్నాం. ఒళ్ళో పెట్టుకొని నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. కాసేపటికి, ‘ఊళ్ళో వాన పడుతోందని తమ్ముడు చెప్పాడు’ అంది.

ఇక్కడ శనివారం రాత్రి అంటే మనకు ఆదివారం పొద్దున. ఇంటికి చేరి, అన్నం కూడా తినకుండా మా సంఘం ఇప్పటి కార్యదర్శికి ఫోన్ చేశాం. ఆరాధనకు సిద్ధమవుతున్నాడు. వాన సంగతి అడిగితే రెండు రోజులుగా వదలడం లేదన్నాడు. బట్టీలవాళ్ళు వచ్చారా అంటే, ఈసారి ముందే దిగారండీ, పది పన్నెండు కుటుంబాలు, కట్ట మీద పరదాలు కట్టుకొని ఉన్నారన్నాడు. తాళం చెవి ఎవరి దగ్గరుందని అడిగాం.

‘నా దగ్గరే ఉందండీ, ఏం కావాలి?’

హాలు తీసి వాళ్ళను లోపలికి రమ్మని చెప్పమన్నాం. అవతల కాసేపు మాట లేదు.

‘ఆరాధన ఉంది కదండీ.’

‘ఉండనీ. వాళ్ళూ కూర్చుంటారు.’

‘తివాచీ అండీ...’

‘చుట్టి వేదిక మీద పెట్టు. తడిస్తే తడిసింది, ఎండొచ్చాక ఆరేసుకుందాం.’

‘కమిటీని ఒక మాట అడగాలేమోనండీ’ అన్నాడు. ఆ మాట మేం నేర్పిందే. పదిహేనేళ్ళ కిందటి సంగతి అతనికి చెప్పడం మొదలుపెట్టాం. సగంలో ఉండగానే, ‘ఒక్క నిమిషం ఆగండి, గొడుగు తీసుకొని ఫోన్ జేబులో పెట్టుకుంటాను. నడుస్తూ వింటాను’ అన్నాడు.